గోదావరి నీళ్లు పోసిన బ్యాటరీ

ఖానాపూర్,
2-11-1966.

చిరంజీవి అల్లుడు మోషేను మామ యెషయా దీవించి రాయించునది. దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమమూ, మీ క్వార్టరు పైకప్పు కారడం ఆగిందో లేదో కూడా రాయాలి.

రాయించునది అని ఎందుకన్నానంటే, నాకు దూరపు చూపు బాగానే ఉంది. అవతలి గట్టు మీది ఎద్దుకు ఏ కొమ్ము విరిగిందో ఇక్కడి నుంచే చెప్పగలను. దగ్గరి అక్షరాలే అలికినట్టు కనిపిస్తాయి. అందుకని నేను చెబుతుంటే నీ భార్య రిబ్కే రాస్తున్నది. నీ జాబులు కూడా తనే చదివి వినిపిస్తుంది. (బాపు మాట్లాడినట్టే రాస్తే బాగుండదని బళ్లో నేర్చుకున్న భాషలోకి మార్చి రాస్తున్నాను. కొన్ని తిట్లు వదిలేస్తున్నాను. – రి.)

మీ అత్త లచ్చవ్వ వెంట నీ భార్య మొన్న శనివారం ఇక్కడ బస్సు దిగింది. నేను కారు తీసుకుని బస్టాండుకు ఎదురు వెళ్లాను. బస్టాండు మా ఇంటికి రెండు వీధుల అవతలే, నిజమే. కానీ తొలి కాన్పుకు తల్లిగారింటికి వస్తున్న పిల్లను నడిపించుకొచ్చాడంటే ఊళ్లో నా మర్యాద ఏమవుతుంది? "నడిసొస్తే గీపాటికి చాయ తాగి పండుకుందుము" అన్నది మీ అత్త. ఆమెకు మొదటి నుంచీ కారంటే పడదు.

ఆ కారు సంగతి నీకు పెళ్లినాడే చెప్పాను. మిషను డాక్టరు దొరసానికి ఏళ్ల తరబడి డ్రైవరుగా చేశాను. ఆమె తన దేశానికి వెళ్లిపోతూ, దీన్ని నీకు తప్ప ఇంకెవరికీ ఇవ్వలేను యెషయా అని తాళంచెవి నా చేతిలో పెట్టింది. (కొనేవాళ్లెవరూ దొరకలేదని మీ అత్త, అంటే మా అవ్వ, అంటుంది. – రి.) ఆమె వెళ్లాక ఇక్కడి చిన్న దవాఖాన మూతపడింది. అందుకని నొప్పులు రాగానే రిబ్కను వెనక సీటులో పడుకోబెట్టి నిర్మల్ దవాఖానకు తీసుకుపోతాను. నువ్వు నిశ్చింతగా డ్యూటీ చేసుకో.

నీ మామ,
యెషయా.


శ్రీరాంపూర్,
9-11-1966.

పెద్దలు మామగారికి మీ అల్లుడు మోషే చేతులు జోడించి వందనాలు. జాబు అందింది. వాన ఆగింది కనుక క్వార్టరు కారడం కూడా ఆగింది.

మామా, నేను బొగ్గుబాయి ల్యాంపు రూములో పని చేస్తున్నానని మీకు తెలుసు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ నెత్తిన లైటు, నడుముకు బ్యాటరీ ఇచ్చి పంపడం, పైకి వచ్చాక వాటిని తీసుకుని మళ్లీ చార్జింగుకు పెట్టడం నా డ్యూటీ. రోజూ వాటితోనే కాపురం చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, బ్యాటరీ జాతిని నమ్మకూడదు. చూడటానికి నిండుగానే ఉంటుంది. అవసరం పడినప్పుడే చేతులెత్తేస్తుంది. మీ కారు బ్యాటరీ చూస్తే దొరసాని కాలం నాటిది. ముందు నుంచి తిప్పి స్టార్టు చేసే హ్యాండిల్‌తో ఎవరో బండరాయి పెకిలించబోతే వంకరపోయిందని రిబ్కే ఒకసారి చెప్పింది.

ఇక్కడ కంపెనీ దవాఖాన ఉంది, నర్సమ్మలు ఉన్నారు, అంబులెన్సు ఉంది. పక్క క్వార్టరు కొమురెల్లి డ్యూటీ దిగి మొహం కడుక్కుని వెళ్లేసరికి కొడుకు పుట్టి ఉన్నాడు. అంత సులువుగా అయిపోయింది. తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలనే ఆచారాన్ని నేను కాదనను. కానీ ఆ ఆచారం నడిరోడ్డు మీద ఆగిపోతే నూకేవాళ్లెవరు? ఇప్పటికైనా రిబ్కను ఇక్కడికి పంపితే అందరికీ మంచిదని నా మనవి.

ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమని రిబ్కకు చెప్పగలరు.

మీ అల్లుడు,
మోషే.


ఖానాపూర్,
22-11-1966.

చిరంజీవి అల్లుడికి మామ దీవెనలు. ఆచారం ఆగిపోతే నూకేవాళ్లెవరు అని అడిగావు. మొన్న ఆదివారం ఎంతమంది నూకారో చెబుతాను, విను.

ఆ రోజు మా చర్చిలో కోతపండుగ. నీకు తెలుసు కదా, ఎవరి పంటలో మొదటిది వాళ్లు దేవునికి తెస్తారు. జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, ఒక మేకపిల్ల, అన్నీ కుప్పపడ్డాయి. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేయాలి. నిర్మల్ నుంచి మైకు సెట్టు వాడు వచ్చాడు కానీ వాడి బ్యాటరీ పని చేయలేదు. పాస్టరుగారు తల పట్టుకున్నారు. "నా కారుండంగ ఫికరెందుకయ్యా?" అన్నాను నేను. కారును చర్చి గుమ్మం దాకా తెచ్చి మైకు వైర్లు దాని బ్యాటరీకి తగిలించాం.

పాస్టరుగారి ప్రసంగం పొడుగైంది. తర్వాత వేలం పాట నేనే అందుకున్నాను. మైకులో నా గొంతు బాగుంటుందని అందరూ అంటారు. (బాపు ఒక్కో గుమ్మడికాయను పొగుడుతూ సాయంత్రం చేశాడు. – రి.) చివరి గుమ్మడికాయకు మా పక్కింటి పర్శరాములు పట్టుబట్టాడు. ఆయన చర్చి మనిషి కాకపోయినా ఏటా వేలానికి వస్తాడు. ఒకటోసారి అన్నాను, రెండోసారి అన్నాను. మూడోసారి అనేసరికి మైకు నోరు పడిపోయింది. వినపడలేదు కాబట్టి పాట చెల్లదని వెనకవాళ్లు, చెల్లుతుందని పర్శరాములు కొట్లాడుకున్నారు.

ఆ తర్వాత చూస్తే కారు కూడా స్టార్టు కాలేదు. అయితే ఏమైంది? పాస్టరుగారితో సహా సంఘమంతా పాట పాడుకుంటూ నూకారు. గుమ్మడికాయ చంకన పెట్టుకుని పర్శరాములు కూడా నూకాడు. మా ఇంటి గుమ్మం ముందుకు రాగానే స్టార్టయింది.

చూశావా, నూకేవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. కాబట్టి రిబ్కను పంపే మాట మళ్లీ ఎత్తకు. నువ్వు పరేషాన్ కావద్దు. సెలవు పెట్టుకుని, జీతం కోయించుకుని ఇంత దూరం రానవసరం లేదు. అన్నీ నేను చూసుకుంటాను. (ఈ మాట బాపు మంచి మనసుతోనే అన్నాడు. రాయనా, వద్దా అని రెండుసార్లు అడిగాను. రాయమన్నాడు. – రి.)

నీ మామ,
యెషయా.


శ్రీరాంపూర్,
28-11-1966.

మామగారికి మోషే వందనాలు.

నేను అక్కడికి రానవసరం లేదని రాయించారు. సంతోషం. డిసెంబరు నెలకు సెలవు అడిగి ఉన్నాను. మీ జాబు చదివిన మర్నాడే వెళ్లి, అక్కరలేదని చెప్పి వచ్చాను. నన్ను ఎగాదిగా చూసి, "బార్య కాన్పుకు పోవా?" అన్నాడు మా పెద్ద గుమాస్తా. అత్తగారింట్లో కారుంది సార్, నా అవసరం లేదట అన్నాను. ల్యాంపు రూములో అందరూ నవ్వారు. పిలవని ఇంటికి వెళ్లడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

ఇక బ్యాటరీ సంగతి. పాట పాడుకుంటూ నూకినంత మాత్రాన అది బాగుపడదు. మూతలు విప్పి చూడండి, లోపల నీళ్లు అడుగంటి ఉంటాయి. బావినీళ్లు మాత్రం పోయవద్దు. శుభ్రమైన నీళ్లే పోయాలి. ఎప్పుడైనా ఇంకో బండి బ్యాటరీతో దీన్ని కలపవలసి వస్తే ఎర్ర గుర్తుకు ఎర్ర గుర్తు, నల్ల గుర్తుకు నల్ల గుర్తు కలపాలి. తారుమారు చేస్తే రెండూ పోతాయి.

పాలు తాగమని రిబ్కకు చెప్పగలరు.

మోషే.


ఖానాపూర్,
5-12-1966.

అల్లుడికి మామ యెషయా రాయించునది.

పిలవని ఇల్లా? నీ జాబు విని ఆ పూట నాకు అన్నం సయించలేదు. నాకు కొడుకుల్లేరు. పిలుపుకు ఎవరిని పంపను? అల్లుడే కొడుకై తనంతట తనే వస్తాడనుకున్నాను. నేనే బస్సెక్కి వద్దామంటే నెలలు నిండిన పిల్లను విడిచి ఎలా రాను? జీతం పోతుందని నీ మేలు కోరి ఒక మాట అంటే దాన్ని తలుపు మొహాన వేసినట్టు తీసుకున్నావు. సరే, నీ ఇష్టం.

నీ మీద కోపం ఉన్నా నీ సలహా పాటించాను. మూతలు విప్పాను. నువ్వన్నట్టే అడుగంటి ఉంది. శుభ్రమైన నీళ్లంటే ఎటువంటివని ఆలోచిస్తుంటే పర్శరాములు వచ్చాడు. మనుమడికి అక్షరాలు దిద్దించడానికి బాసర వెళ్లి ముందురోజే తిరిగి వచ్చాడు.

"ఏం జూస్తున్నవే యెషయా?"

"సుబ్బరమైన నీళ్లు పొయ్యాల్నట. బాయినీళ్లు వద్దని రాసిండు మా అల్లుడు."

"గింతదానికేనా? గంగనీళ్లకన్న సుబ్బరమైనయి ఏడుంటయి? నిన్ననే తెచ్చిన."

ఇంట్లోకి వెళ్లి మూతికి గుడ్డ కట్టిన ఇత్తడి చెంబు పట్టుకొచ్చాడు. వాళ్లు దేవుని దగ్గర పెట్టుకుని ఏడాది పొడుగునా చుక్క చుక్క వాడుకునే గోదావరి నీళ్లు అవి. వద్దంటే చిన్నబుచ్చుకుంటాడు. అదీగాక మన రిబ్క కాన్పు కోసమని ఇచ్చాడు. ఆయన భార్య భూమవ్వ కూడా వచ్చి నిలబడింది. అందరం చూస్తుండగా నిండా పోశాను. ఆ సాయంత్రం కొంచెం నూకగానే కారు స్టార్టయింది. పర్శరాములు కారును తాకి కళ్లకద్దుకున్నాడు. (ఇది సరైందో కాదో నాకు తెలియడం లేదు. తెలిస్తే వెంటనే రాయండి. – రి.)

యెషయా.


శ్రీరాంపూర్,
12-12-1966.

మామగారికి వందనాలు. వెంటనే అందాలని కార్డు రాస్తున్నాను. గోదావరి నీళ్లు బ్యాటరీకి పనికిరావు. నేనన్నది డిస్టిల్డ్ వాటరు, అంటే ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్లు. ల్యాంపు రూములో శుభ్రమైన నీళ్లంటే అవే. నదినీళ్లలో ఉండే ఉప్పూ మట్టీ లోపలి రేకులను తినేస్తాయి. ఒకటి రెండు సార్లు స్టార్టయి తర్వాత మొత్తానికే పోతుంది. ఆ కారును నమ్మి బయలుదేరవద్దు. ముందే బస్సులో నిర్మల్ వెళ్లి తెలిసినవాళ్ల ఇంట్లో ఉండండి. సెలవు మళ్లీ అడుగుదామనుకున్నాను కానీ మీ జాబులో 'నీ ఇష్టం' అని ఉంది, రమ్మని లేదు. ధైర్యంగా ఉండమని రిబ్కకు చెప్పగలరు. మోషే.


ఖానాపూర్,
19-12-1966.

మీకు రిబ్క రాస్తున్నది.

ఈ జాబు బాపు చెప్పి రాయించింది కాదు. బాపు బయట కారు తుడుస్తున్నాడు. తుడిచిన చోటనే మళ్లీ తుడుస్తున్నాడు.

మనకు కూతురు పుట్టింది. మొన్న బుధవారం, పద్నాలుగో తేదీన. పిల్లా నేనూ బాగున్నాం. బాపు టెలిగ్రాం ఇస్తానంటే నేనే వద్దన్నాను. నా చేత్తో రాయాలని ఉండింది. కూర్చుని రాసే ఓపిక ఇవాళే వచ్చింది.

బుధవారం తెల్లవారగానే నొప్పులు మొదలయ్యాయి. బస్సు మధ్యాహ్నం గాని లేదు. వీధి వీధంతా నూకితే కారు స్టార్టయింది. పర్శరాములు కాకా కారుకు ముందు ఉరుకుతూ తోవలో పశువులను పక్కకు తోలాడు. నేను అవ్వ ఒళ్లో తల పెట్టుకుని వెనక సీటులో పడుకున్నాను. "దొరసానిని తీస్కపోయినట్టు తీస్కపోత బిడ్డా" అన్నాడు బాపు. ఊరు దాటి కొంతదూరం బాగానే పోయాం. అడవిలో రోడ్డు ఎత్తెక్కే చోట పత్తి బండ్లు అడ్డం వచ్చాయి. బాపు బ్రేకు వేశాడు, ఇంజను ఆగిపోయింది. మళ్లీ ఎంత తిప్పినా చప్పుడు లేదు. బండ్లవాళ్లు దిగి నూకారు గానీ ఆ ఎత్తు మీదికి ఎవరు నూకగలరు? ఒక జీపు ఆగకుండానే పోయింది. బాపు తలగుడ్డ విప్పి ఊపుతూ నడిరోడ్డు మీద నిలబడ్డాడు.

అప్పుడు ఒక టేకు దుంగల లారీ వచ్చి ఆగింది. డ్రైవరు పేరు హనుమండ్లు. ముందు సీటులో ఆయన తల్లి ఎల్లక్క ఉంది, కూతురిని చూడటానికి నిర్మల్ వెళుతున్నదట. హనుమండ్లు మా బ్యాటరీ మూత విప్పి చూశాడు.

"ఇండ్ల ఏం పోసిండ్రే, గిట్లయింది?"

"గంగనీళ్లు" అన్నాడు బాపు.

"బాసరవేనా?"

"ఆఁ."

"ఇగ నయమే. పుణ్యానికి పోయింది."

నన్ను ఎత్తి లారీలో కూర్చోబెడదామని బాపు అంటే ఎల్లక్క కారులోకి తొంగిచూసి, "లేపకుండ్రి. లారీ ఎక్కంగనే అయితది. ఉన్నకాడనే ఉండనియ్యుండ్రి" అన్నది. వాళ్ల ఊళ్లో కాన్పులన్నీ ఆమే చేస్తుందట. చేతులు కడుక్కుని వచ్చి అవ్వను ఒక పక్కకు జరిపింది.

ముందు వైపు వాళ్ల పని వాళ్లు చేశారు. హనుమండ్లు లారీ ఇంజను ఆపకుండానే దాని బ్యాటరీ ఊడదీశాడు. తనూ బాపూ మోసుకొచ్చి మా బ్యాటరీ పక్కన పెట్టి, రెంటికీ వైర్లు కలిపారు. "ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది, మా అల్లుడు రాసిండు, మా అల్లుడు రాసిండు" అని బాపు ప్రార్థన చేసినట్టు అంటూనే ఉన్నాడు. "మీ అల్లుడు రాసిండు గని జర చెయ్యి తియ్యుండ్రి" అన్నాడు హనుమండ్లు.

నాకు చాలా భయం వేసింది. చచ్చిపోతాననుకున్నాను. అవ్వ ధైర్యం చెబుతున్నది కానీ మధ్య మధ్య తనే ఏడుస్తున్నది. ఎల్లక్క మాత్రం "ఇంకొక్కసారి నా తల్లి, ఇంకొక్కసారి" అంటూ నా మోకాలి మీద చేయి వేసి ఉంచింది. ఆ చేయి అక్కడ లేకపోతే ఏమైపోయేదాన్నో.

కారు స్టార్టయింది. "అయింది! పట్టుకోండ్రి, పోదాం!" అని అరిచాడు బాపు.

"ఇగ ఉరుకుడు దేనికి? మనుమరాలొచ్చింది, మొకం జూడు" అన్నది ఎల్లక్క.

ఇంజను ఆగిపోతుందని బాపు ఎక్సిలేటరు మీద నుంచి కాలు తీయడు. హనుమండ్లు ఆయనను బలవంతంగా దింపి తను కూర్చున్నాడు. బాపు వచ్చి పిల్లను తీసుకున్నాడు. దగ్గరగా పట్టుకుంటే కనిపించదు కదా, రెండు చేతులూ చాచి దూరంగా పట్టుకుని చూశాడు. చూసి, రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాడు. బాపు ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. తర్వాత లారీ ముందు, మేం వెనక, నిర్మల్ చేరాం. డాక్టరమ్మ బాపును బాగా చీవాట్లు పెట్టి, పిల్లనూ నన్నూ చూసి, రెండు రోజులుంచుకుని పంపింది. ఎల్లక్క రోజూ వచ్చి చూసిపోయింది.

శనివారం మేం ఇల్లు చేరేసరికి మీ కార్డు వచ్చి ఉంది. చదివి వినిపించమన్నాడు బాపు. చదవలేదు. నాలో నేనే చదువుకున్నాను. బ్యాటరీ గురించి మీరు రాసిందంతా నిజమైంది. అది చదివి నాకేమీ సంతోషం కలగలేదు.

మీ ఇద్దరికీ ఒక మాట చెప్పాలి. బాపుకు నిన్ననే చెప్పాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరిద్దరూ నా గురించే ఇన్ని జాబులు రాసుకున్నారు. ఆయన మాటలు రాసింది నేను. మీ మాటలు చదివింది నేను. పాలు తాగమని, ధైర్యంగా ఉండమని రిబ్కకు చెప్పగలరు అని మీరు రాస్తే, నాకు నేనే పైకి చదివి చెప్పుకున్నాను. ఎక్కడ కనాలని ఉంది నీకు అని ఆయనా అడగలేదు, మీరూ అడగలేదు. పక్కన చిన్న చిన్న ముక్కలు నేను రాస్తూనే ఉన్నాను. వాటికీ నా పేరున ఎవరూ జవాబివ్వలేదు.

అడిగితే చెప్పేదాన్ని, ఎక్కడైనా సరే, మీరు దగ్గరుంటే చాలని. ఆ రోడ్డు మీద నాకు తల్లిగారిల్లూ గుర్తు రాలేదు, కంపెనీ దవాఖానా గుర్తు రాలేదు. మీరు గుర్తొచ్చారు. లారీ తలుపు తెరుచుకున్నప్పుడు మీరే దిగుతారేమోనని ఒక్క క్షణం పిచ్చిగా చూశాను. మీరు ల్యాంపు రూములో ఉన్నారు, పిలుపు రాలేదని. నాకు మీ మీద కోపం వచ్చింది. ఇంకా పోలేదు. ఆయన పిలవలేదని మీరు, మీరు రాలేదని ఆయన, ఇద్దరి మర్యాదలూ భద్రంగానే ఉన్నాయి. నేనే రోడ్డు మీద ఉన్నాను.

ఇది చెబితే బాపు పిల్లను తీసుకుని, మళ్లీ చేతులు చాచి దూరంగా పట్టుకుని చూశాడు. తర్వాత, "అల్లునికి రాయి బిడ్డా, నేను పిలుస్తున్న అని రాయి" అన్నాడు. రాయనన్నాను. ఈసారి పిలుస్తున్నది ఆయన కాదు, నేను.

పిల్ల మీలాగే నిద్రలో నుదురు ముడుస్తుంది. పేరు ఏమిటని పాస్టరుగారు రెండుసార్లు అడిగి పోయారు. మీరు వచ్చేదాకా చెప్పనన్నాను.

జవాబు రాయకండి. రండి.

రిబ్క.